గాజు తలుపుకి ఇవతల

సోమవారం పొద్దున్నే దుప్పటి ఉతకడం ఆమెకి అలవాటైపోయింది. శనివారం తండ్రి దగ్గరికి వెళ్లిన పిల్ల ఆదివారం సాయంత్రం తిరిగొస్తుంది. ఆ రాత్రి పక్క తడుపుతుంది. తెల్లవారకముందే ఆమె లేచి, పిల్లకి మెలకువ వచ్చి సిగ్గుపడకముందే, నిద్రలోనే మెల్లగా ఒక పక్కకి జరిపి, పొడి బట్టలు తొడిగి, దుప్పటి లాగి బకెట్లో నానేస్తుంది. నిద్ర లేచాక పిల్ల పరుపు వైపు చూస్తుంది, తల్లి మొహం వైపు చూస్తుంది. ఏడేళ్ల పిల్ల. కాలు ఒక్కచోట నిలవదని చిన్నప్పుడే దానికి మిడత అని పేరు పెట్టుకుంది తల్లి. ఆ మిడత ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు గోడకి వీపు ఆనించి, కూర్చోబెట్టినచోటే కూర్చుంటోంది.

ఒకసారి ఉండబట్టలేక మాజీ భర్తకి ఫోన్ చేసి అడిగింది. పిల్ల పక్క తడుపుతోంది, మీ దగ్గర ఏమైనా జరుగుతోందా, భయపడుతోందా అని. విడాకులైనా ఆమె నోట్లోంచి "మీరు" పోలేదు. ఆయన ఎప్పటిలాగే గొంతు పెంచలేదు. గొంతు పెంచకపోవడమే ఆయన గొప్పతనమని పెళ్లినాడే అందరూ చెప్పారు. "పక్క తడిపేది నీ దగ్గర. నా ఇంట్లో తడపదు. అంటే లోపం ఎక్కడుందో నువ్వే ఆలోచించుకో. కోర్టులో ఈ మాటే చెప్పమంటావా?" అన్నాడు. పిల్లని డాక్టరుకి చూపించాలనుకుంది. చూపిస్తే ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండిపోతుంది, రేపు అదే తన మెడకి చుట్టుకుంటుంది. పిల్ల తడిపిన దుప్పటిని దొంగసొత్తులా చీకట్లో ఉతికి, మేడ మీద అందరి బట్టలకీ వెనక, ఎవరికీ కనబడకుండా ఆరేసుకునే స్థితికి వచ్చింది.

ఆమె పని ఒక లాబ్‌లో, రక్తం తీయడం. చిన్నపిల్లల చేతిలో నరం దొరకబుచ్చుకోవడంలో అందె వేసిన చెయ్యి. ఏడ్చే పిల్లలని మాటల్లో పెట్టి, వాళ్లు ఏడుపు మరిచిపోయేలోపు సూది దింపి తీసేస్తుంది. ఊరందరి పిల్లల దగ్గరా పనిచేసే ఆ మాటలు సొంత పిల్ల దగ్గర పనిచేయలేదు. ఎన్ని రకాలుగా అడిగినా మిడత ఒకటే చెప్పేది: "ఏం లేదమ్మా. నేనే అల్లరి చేశాను."

దాంతో ఆమె అనుమానమంతా కొత్తావిడ మీదికి మళ్లింది. ఆయన రెండో భార్యని మనసులో ఆమె అలాగే అనుకునేది, కొత్తావిడ అని. పెళ్లయి ఏడాది దాటినా కొత్తావిడే. పిల్ల అక్కడినుంచి వచ్చేటప్పుడు జడలు నున్నగా, పాయ తప్పకుండా వేసి ఉండేవి. గౌను ఇస్త్రీ మడత నలగకుండా ఉండేది. అంత శుభ్రం చూస్తే ఆమెకి ఒళ్లు మండేది. పైకింత నునుపు పెట్టిన మనిషి లోపల పిల్లని ఏం గిల్లుతోందో, ఏమని బెదిరిస్తోందో. స్నానం చేయించేటప్పుడు పిల్ల వీపు, తొడలు వెతికేది. ఎక్కడా గాటు లేదు. లేకపోతే ఊరట కలగాలి కదా, కలిగేది కాదు. తనని తానే తిట్టుకునేది, ఇదేం తల్లినని.

ఆ నెలలోనే బడిలో టీచరు తల్లిదండ్రులని పిలిచింది. ఆమె లాబ్‌లో సగం పూట సెలవు అడిగి, పైఅధికారి చేత "పిల్లలు మాకూ ఉన్నారమ్మా" అనిపించుకుని, పరుగున వెళ్లేసరికి ఆయనా, కొత్తావిడా అప్పటికే టీచరు ఎదురుగా కూర్చుని ఉన్నారు. మూడో కుర్చీ లేదు. పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. ఇద్దరిలో తల్లి ఎవరో తేల్చుకోలేక టీచరు తడబడుతుంటే ఆయన నవ్వుతూ సర్దిచెప్పాడు: "ఈవిడ కన్నది, ఈవిడ పెంచుతోంది. నాకు ఇద్దరు అసిస్టెంట్లండీ." టీచరు నవ్వింది. పాపం, మంచి తండ్రి దొరికాడనుకుని ఉంటుంది. బెంచీ మీద ఆమె తల దించుకుంది. దించుకున్న కళ్లకి కొత్తావిడ చేతులు కనబడ్డాయి. ఒడిలో పెట్టుకున్న సంచీ పట్టీని వేళ్లు తెల్లబడేదాకా బిగించి పట్టుకుని ఉంది. ఆవిడ కూడా నవ్వలేదు. ఆ పూట ఆ సంగతి ఆమె పట్టించుకోలేదు.

రెండు వారాలకి, ఆదివారం మధ్యాహ్నం, లాబ్‌లో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చేతిలో సిరంజి, ఎదురుగా చెయ్యి చాపి కూర్చున్న ముసలాయన. పని ముగించి ఫోన్ ఎత్తింది. అవతల మనిషి తను ఎవరో చెప్పుకోలేక తంటాలు పడుతోంది. "నేనండీ... పాప వాళ్ల... నేను. ఆయన ఇంట్లో లేరు. మీరొకసారి రాగలరా?" పాపకి ఏమైందని ఈమె అరిచేలోపే, పాప బాగానే ఉంది, కానీ రండి, తొందరగా రండి అని ఫోన్ పెట్టేసింది.

బాగానే ఉంటే రమ్మనడం ఎందుకు? చేతి తొడుగులు కూడా విప్పకుండా ఆటోలో కూర్చుంది. డ్రైవరు చెబితేగాని చూసుకోలేదు. దారి పొడుగునా కొత్తావిడని ఏమేం అనాలో పళ్ల మధ్య నూరుకుంటూనే ఉంది. విడాకుల తర్వాత ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. పిల్లని ఎప్పుడూ కింద గేటు దగ్గరే ఆయన అప్పజెప్పేవాడు. పైకి రావద్దు, ఆవిడ ఇబ్బంది పడుతుంది అనేవాడు. తను సున్నం వేయించిన గోడలు, తను పట్టుబట్టి పెట్టించిన తలుపు గొళ్లెం. ఆ తలుపు కొత్తావిడ తీసింది. జుట్టు చెదిరి ఉంది. హాల్లో ఇస్త్రీ బల్ల, దానిమీద సగం మడత పెట్టిన ఆయన చొక్కా. "అక్కా, తాళం ఆయన జేబులో ఉంది" అంది, ఇంకే మాటా అడక్కుండానే.

హాలు చివర, బట్టలు ఉతికే బాల్కనీకి గాజు తలుపు. దానికి తాళం. అవతల మిడత.

ఎండ పడమటికి తిరిగి బాల్కనీ అంతా పరుచుకుంది. కాళ్లకి చెప్పులు లేవు. వాషింగ్ మెషీన్ పక్క జానెడు నీడలో రెండు పాదాలూ ఇరికించుకుని, గాజుకి చెంప ఆనించి కూర్చుంది. గౌను కింద తడి. ఇవతల నేలమీద కొత్తావిడ కూర్చున్న చోట ఒక దిండు, గాజు నిండా వేలిముద్రలు. ఇవతల నుంచి ఆవిడ వేలితో బొమ్మ గీస్తే అవతల నుంచి పిల్ల అదే గీత మీద వేలు పెట్టి దిద్దుతోందట. ఏనుగు, చేప, మళ్లీ ఏనుగు. ఆయన షటిల్ ఆడటానికి వెళ్లిన దగ్గర్నుంచీ అదే ఆట. అన్నం దగ్గర పిల్ల "మా అమ్మ ఇలా తిట్టదు" అందట. బుద్ధి వచ్చేదాకా అక్కడే ఉండమన్నాడు. ప్రతి వారమూ ఏదో ఒకటి. తలుపు తియ్యమనకూడదు, బాత్రూమ్ అని అడగకూడదు, అడిగితే ఇంకాసేపు. ఇంట్లో చెబితే అమ్మని కూడా ఇందులో పెడతానన్నాడని పిల్ల ఆవిడకి చెప్పిందట.

పిల్లకి తెలియదు, అమ్మని అందులో పెట్టడం ఎప్పుడో అయిపోయిందని. కూర చల్లారిందనీ, చుట్టాల ముందు మాటకి అడ్డొచ్చిందనీ, ఊరికే ఎదురుగా నిలబడిందనీ ఆమెని ఆ గాజుకి అవతల ఎన్ని మధ్యాహ్నాలు ఉంచాడో లెక్క లేదు. ఎదురింటి ఆడవాళ్లు చూస్తారని ఆమె తీగ మీది బట్టలు తీసి మడత పెట్టేది. అన్నీ అయ్యాక మళ్లీ దులిపి ఆరేసేది. మళ్లీ మడత పెట్టేది. చూసేవాళ్లకి పని చేసుకుంటున్న ఇల్లాలిలా కనబడాలని. అత్తగారికి చెబితే "వాడికి కోపం వచ్చినప్పుడు నువ్వే పక్కకి తప్పుకుంటే పోలా" అంది. లాయరుకి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "బాల్కనీలో నిలబెట్టడం హింస ఎలా అవుతుందమ్మా? నలుగురిలో నవ్వుతారు. సర్దుబాటు కాలేదని రాద్దాం" అన్నాడు. అలాగే రాశాడు. సర్దుబాటు కాని భర్త మంచి తండ్రి కాకపోవడానికి కారణం లేదు గనక శని, ఆదివారాలు ఆయనకి వచ్చాయి.

ఆమె గాజు మీద చెయ్యి పెట్టింది. పిల్ల లేవలేదు. తల్లిని చూసి సంతోషపడాల్సింది పోయి, "వెళ్లిపో అమ్మా, నాన్న వస్తాడు" అంటున్నట్టు పెదాలు కదిలాయి. తాళాన్ని లాగింది, గుంజింది, భుజంతో తోసింది. వెనక చప్పుడయింది. కొత్తావిడ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. గాజు దగ్గరికి వచ్చి, "కన్నా, మెషీన్ వెనక్కి వెళ్లి మొహం కప్పుకో. నేను చెప్పేదాకా తియ్యకు" అంది. ఏడాదిగా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసిన ఆ ఇనప పెట్టెని రెండు చేతులా ఎత్తి కొట్టింది. రెండో దెబ్బకి గాజు జలజలా రాలింది.

పిల్లని ఎత్తుకున్నది ఆమె. గాజు పెంకులు అడ్డం తీస్తూ అరచెయ్యి కోసుకున్నది కొత్తావిడ. పిల్లని సోఫాలో కూర్చోబెట్టి, ఆమె ఆవిడ చెయ్యి పట్టుకుని పైకెత్తి, తన చున్నీ అంచు చింపి గట్టిగా కట్టు కట్టింది. రోజూ రక్తం తీసే వేళ్లకి ఆపడం కూడా తెలుసు. కట్టు ముడి వేస్తూ, "నువ్వు కూడా వచ్చెయ్" అంది. ఆవిడ ఎక్కడికి అన్నట్టు చూసింది. పుట్టింటివాళ్లు రానివ్వరని కాదట, రానిచ్చినా మర్నాడే ఆయన వెళ్లి నవ్వుతూ మాట్లాడి తీసుకొచ్చేస్తాడట. ఒకసారి అయిందట అది.

అప్పుడే ఆయన వచ్చాడు. చేతిలో బ్యాటు, మెడలో తువ్వాలు. రాలిన గాజుని చూశాడు, పిల్లని చూశాడు, ఆవిడ చేతి కట్టు మీద చూపు కాసేపు ఆపాడు. ఎవరు పగలగొట్టారో ఆయనకి అక్కడే అర్థమైపోయింది. అయినా బ్యాటు గోడకి ఆనించి, చెమట తుడుచుకుని, భార్యని నెమ్మదిగా అడిగాడు.

"ఎవరు పగలగొట్టారు?"

కొత్తావిడ నేల చూసింది. కట్టు కట్టిన చేతిని చీర కుచ్చెళ్లలోకి దాచుకుంది.

"ఆవిడే."

ఆయన మొహంలో నవ్వులాంటిది కదిలింది. ఆయనకి కావలసింది నిజం కాదు, ఆ మాట. ఇంట్లో జొరబడి తలుపు బద్దలుకొట్టిన ఆడది, పిచ్చి తల్లి, సాక్షి సొంత భార్య. ఇక పిల్ల ఆమె చేతికి దక్కదు. ఆమెకి అది క్షణంలో కళ్లకి కట్టింది. నోరు తెరిచి ఆ చేతి కట్టు చూపిస్తే చాలు. కాని తను వెళ్లిపోయాక ఈ ఇంటి తలుపులన్నీ మూసుకుంటాయి. లోపల ఉండేది ఎవరో ఆమెకి తెలుసు. పిల్లని భుజానికి ఎత్తుకుంది.

"అవును. నేనే పగలగొట్టాను" అంది. "వెళ్లి చెప్పుకో."

నువ్వు అన్నానని మెట్లు దిగేటప్పుడు గాని ఆమెకి తట్టలేదు.

వీధిలోకి వచ్చాక పిల్ల చెవిలో అడిగింది, నువ్వు కాదు కదా అమ్మా, అబద్ధం ఎందుకు చెప్పావని. ఆమె పిల్లని భుజం మీద ఇంకాస్త పైకి జరుపుకుంది. ఇంటికి వెళ్లి తలుపేసుకుని పిల్లని కౌగిలించుకుని పడుకోవాలనిపించింది. రేపు ఏ నోటీసు వస్తుందో, ఎవరొచ్చి తలుపు కొడతారో. ఆటో ఆపింది. ఇంటి అడ్రసు నోటిదాకా వచ్చింది. పోలీస్ స్టేషన్‌కి పోనిమ్మంది.

స్టేషన్‌లో బల్ల వెనక ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు. పిల్లకి నీళ్లు తెప్పించాడు. పిల్ల సంగతి రాసుకుంటాననీ, డాక్టరుకి చూపించి రమ్మనీ అన్నాడు. పిల్ల గుక్కెడు తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. ఆమె మొత్తం చెప్పింది. గాజు ఎవరు పగలగొట్టారో, అక్కడ తను ఏమని ఒప్పుకుందో, ఎందుకు ఒప్పుకుందో, ఎవరి చెయ్యి తెగిందో. ఇప్పుడే, ఈ క్షణమే ఆ ఇంటికి మనిషిని పంపమంది. ఆయన కలం ఆపి కుర్చీలో వెనక్కి వాలాడు. మీ పాప మీ దగ్గర క్షేమంగా ఉంది కదా, ఇంక తొందరేముంది అన్నాడు. ఆవిడకి కష్టమైతే ఆవిడే వచ్చి చెప్పుకోవాలి, వేరేవాళ్ల సంసారంలోకి మేమెలా వెళతాం అన్నాడు. అసలు సవతి కోసం స్టేషన్‌కొచ్చిన మనిషిని ఇన్నేళ్ల సర్వీసులో చూడలేదని పక్క బల్లాయనతో అని, ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. ఆమె కదల్లేదు. పిల్ల అరికాళ్లని తన ఒడిలో పెట్టుకుని, ఎర్రగా కమిలిన చోట చేత్తో రాస్తూ అలాగే కూర్చుంది.

"చూడమ్మా, రాయాలంటే నాకు ఏదో ఒకటి కావాలి" అన్నాడాయన చివరికి. "ఆవిడ మీకేమవుతుంది?"

తోడికోడలికీ, వదినకీ, వియ్యపురాలి చెల్లెలికీ కూడా మాట ఉంది. ఈ బంధానికి ఉన్నది ఒక్కటే మాట, సవతి. అది ఇందాకే ఆయన నవ్వుతూ అనేశాడు. ఆమె తలెత్తింది.

"నా కూతురికి తలుపు తీసిన మనిషి. అలాగే రాయండి" అంది. "మీరు వెళ్లి ఆవిడకి తలుపు తీసేదాకా నేను ఇక్కణ్నుంచి లేవను."