బెకి పేరున్న మెషీను

నాకు నోరెక్కువ. ఆ సంగతి మా ఊరు మంగోచిలో అమ్మకు తెలుసు, ఇక్కడ జొహానెస్‌బర్గ్‌లో మా మూలమీద నిలబడే నలభైమంది పనివాళ్లకూ తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మి పరాయిదేశంలో పదేళ్లు నెట్టుకొచ్చిన వాణ్ణి. ఆ నోటితోనే మా చెల్లెలి మొగుణ్ణి పోగొట్టాను.

అతని పేరు అజిబు. ఇంటి కప్పులు వేసే వడ్రంగి. మా మలావీలో పని దొరక్క నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఆయన నోట్లో నాలుక లేని మనిషి, నువ్వే చూసుకోవాలి" అని మా అసియాతు ఫోన్లో ఏడ్చి మరీ అప్పగించింది. చూసుకుంటానన్నాను.

మా మూల అంటే హార్డ్‌వేర్ కొట్టు గేటుకు ఎదురుగా ఉన్న కాలిబాట. పొద్దున ఆరింటికల్లా వచ్చి, పనిముట్లు ముందు పేర్చుకుని నిలబడతాం. బండ్లలో వచ్చేవాళ్లు మా ముఖాలు చూడరు. కిటికీ దించి పనిముట్లు చూస్తారు, వేలు చూపించి ఎక్కించుకుపోతారు. మంచి పనిముట్టున్నవాడు మంచి పనివాడు. అంతకుమించి మాకు సర్టిఫికెట్ లేదు.

అజిబు మొదట్లో నాకు చెప్పకుండా ఒక కొత్త కటింగ్ మెషీను కొనుక్కొచ్చాడు. తళతళలాడే పెట్టె, చవక సరుకు. దాన్ని ముందు పెట్టుకుని ఎనిమిది రోజులు నిలబడితే ఒక్క బండీ ఆగలేదు. కొత్త మెషీను చూస్తే ఇక్కడివాళ్లకు రెండే అనుమానాలు: వీడు దొంగిలించైనా ఉండాలి, నిన్ననే పని నేర్చుకునైనా ఉండాలి. తొమ్మిదో రోజు పని దొరికింది. వాడు ఇంకా ఆ ఇంటి కప్పు మీద ఉండగానే మెషీను కమురు కంపు కొట్టి, పొగ కక్కి చచ్చిపోయింది.

"ముసలి సరుకు కొనాలిరా. గట్టి కంపెనీది, ఇంకొకడి చెమట ఇంకినది" అని చెప్పి, ఆదివారం వంతెన కింద పాత సామాన్ల బజారుకు తీసుకెళ్లాను.

అక్కడ మా-డ్లోమో అనే పెద్దావిడ పట్టా పరుచుకుని కూర్చుంటుంది. ఆ పట్టా మీద, మిగతా చెత్త మధ్య, ఆ మెషీను ఉంది. బరువైన పాత జర్మనీ సరుకు. పక్కనున్న క్షౌరం చేసేవాడి దగ్గర్నుంచి వైరు లాగి ఆడించి చూశాం. గుక్క తిప్పుకోకుండా ఒకే శ్రుతిలో తిరిగింది. పిడి మీద కాల్చిన చువ్వతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి: బెకి.

నేను సగానికి సగం అడిగాను. ఆవిడ సరేనంది. పదేళ్లలో మా-డ్లోమో మొదటి మాటకు దిగి రావడం నేను చూడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నా బేరం గొప్పే అనుకున్నాను.

"ఇదెవరిదమ్మా?" అన్నాడు అజిబు.

వాడి మోచేతిని గిల్లాను. ఆ బజారులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగితే నువ్వు దొంగవా అన్నట్టే.

"ఇప్పుడు నీదే నాయనా. తీసుకెళ్లు. మళ్లీ నా దగ్గరికి మాత్రం తేకు" అంది ఆవిడ.

గదికి రాగానే అజిబు గరుకు కాగితం తీసి ఆ పేరు రుద్దబోయాడు. లాగేసుకున్నాను. ఆ నెలంతా బయటిదేశాల వాళ్లు వెళ్లిపోవాలంటూ కర్రలు పట్టుకుని జనం వీధుల్లో తిరుగుతున్నారు. మా మూలమీద కూడా ఇద్దరు ముగ్గురు రోజూ వచ్చి, నీది ఏ ఊరు, నీది ఏ ఊరు అని ఆరా తీస్తున్నారు. అలాంటప్పుడు ఇక్కడివాడి పేరు ఉత్తపుణ్యానికి చేతికొస్తే చెరుపుకుంటామా?

"రేపట్నుంచి నువ్వు బెకివి" అన్నాను. "ఎవరేమడిగినా అవుననడమే. తెలిసిందా?"

"అబద్ధం బావా."

"అబద్ధం కాదు, గొడుగు. వానొచ్చినప్పుడు గొడుగు ఎవరిదని అడుగుతామా?"

అప్పటిదాకా వాడు మూలమీద ఎవరికీ తన పేరు చెప్పుకోలేదు. అందరికీ నేనే చెప్పాను, వీడు బెకి, ఇక్కడివాడే, కప్పులు వేయడంలో మొనగాడు అని. మా మలావీ వాళ్లకూ అదే చెప్పాను. నోరు జారకూడదని గదిలో కూడా బెకీ అనే పిలిచేవాణ్ణి.

"ఇంట్లోనైనా అజిబూ అను బావా" అన్నాడొకసారి. "అసియాతు ఫోన్లో పిలిస్తే, ఎవర్నో పిలుస్తోంది అనిపిస్తోంది నాకు."

నవ్వాను. ఊరికే నవ్వొచ్చేది ఆ రోజుల్లో. బెకి మెషీను ముందు పెట్టుకుంటే బండ్లు ఆగుతున్నాయి. నాలుగు నెలలు వాడు కూర్చున్న రోజు లేదు.

ఒక మంగళవారం ఒకావిడ నడిచి వచ్చింది. చొక్కా భుజానికి నల్లగుడ్డ ముక్క పిన్నుతో గుచ్చుకుని ఉంది, ఇంట్లో చావు జరిగినవాళ్లు పెట్టుకునేది. మెషీను ముందు ఆగి, వంగి ఆ పేరు చదివింది.

"కప్పులు వేస్తావా బాబూ?"

"వేస్తానమ్మా."

"ఎతెంబెనిలో చర్చి ఉంది చూడు, పచ్చ గోడలది. ఆ కప్పు వేసింది నువ్వేనా?"

ఎతెంబెని ఎటువైపు ఉంటుందో అజిబుకు తెలియదు. కానీ మా మూలమీద లేదు అనే మాట లేదు. ఫలానా పని చేశావా అంటే చేశాననే అంటాం. అందరం అంటాం, అడిగేవాళ్లకూ అది తెలుసు.

"నేనేనమ్మా" అన్నాడు.

"మొత్తం నువ్వే వేశావా?"

"మొత్తం నేనే. నా చేత్తోనే."

ఆవిడ చాలాసేపు వాడి ముఖంలోకి చూసింది. పనికి పిలవలేదు, కూలి అడగలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయింది.

మర్నాడు ఒక తెల్ల పికప్ బండి మా ముందునుంచి నెమ్మదిగా వెళ్లింది. ఆగలేదు. గురువారం మళ్లీ వచ్చింది. శుక్రవారం రెండుసార్లు.

"నన్నే చూస్తున్నారు బావా."

"నిన్ను కాదు, మెషీనును. మంచి సరుకును ఎవరైనా చూస్తారు."

వాడికి అన్నం సయించలేదు. మొక్కజొన్న పిండి ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేవాడు. ఆదివారం నాకు చెప్పకుండా వంతెన కిందికి వెళ్లి, సాయంత్రం బూడిద ముఖం వేసుకుని వచ్చాడు. నేను ఫోన్లో ఫుట్‌బాల్ చూస్తున్నాను.

"మా-డ్లోమో దగ్గరికెళ్లా బావా. ఆ బెకి..."

"వచ్చి మెషీను తిరిగిమ్మన్నాడా?" అన్నాను తల ఎత్తకుండా. "కీడెంచి మేలెంచమన్నారు గానీ, నువ్వు కీడెంచి అక్కడే ఆగిపోతావేంరా. ఆట అయ్యాక చెబుదువులే."

ఆట అయ్యేసరికి వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను లేపలేదు. ఆ ఒక్క మాట ఎందుకు చెప్పనివ్వలేదో ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పొద్దున చూస్తే పిడి మీద పేరు గీకేసి ఉంది. నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి గీతలు.

"బంగారంలాంటి పేరు చెడగొట్టావు కదరా."

"ఇవాళ్టినుంచి నేను అజిబునే బావా. ఏమైతే అయింది. ఈ వారం కూలి రాగానే ఇంటికి వెళ్లిపోతా."

కోపం వచ్చింది నాకు. కొన్నాళ్లు పోతే వాడే సర్దుకుంటాడులే అనుకుని, మూలమీద వాణ్ణి నిలబెట్టి టీ తేవడానికి వెళ్లాను. మగ్విన్యా బోండాలు వేయించే టీ బండి దగ్గర వరసలో ఉండగా తెల్ల పికప్ వచ్చి వాడి ముందు ఆగింది. ముగ్గురు దిగారు. ఒకాయన మెషీను పైకెత్తి పిడి చూస్తున్నాడు. అజిబు చేతులు అడ్డంగా ఊపుతున్నాడు.

"నేను బెకిని కాదయ్యా. కొనుక్కున్నా దీన్ని" అంటున్నాడు.

ఆ మనిషి మెషీను కింద పెట్టాడు. మిగతా ఇద్దరి వైపు చూశాడు. వెనక్కి తిరిగారు, బండి తలుపు మీద చెయ్యి వేశారు. వెళ్లిపోబోతున్నారు.

నాకు కనిపించింది ఒక్కటే. మంచి పెద్ద కప్పు పని చేజారిపోతోంది, ఈ పిరికివాడి వల్ల.

"అయ్యా, ఆగండాగండి" అని టీ బండి దగ్గర్నుంచే కేకేశాను. "వాడి మాట పట్టించుకోకండి. వాడికి సిగ్గెక్కువ. వాడే బెకి. ఎతెంబెని చర్చి కప్పు వేసింది వాడే, కావాలంటే ఇక్కడ ఎవర్నయినా అడగండి."

అడగక్కర్లేకపోయింది. నేను నాలుగు నెలలుగా నేర్పిన పాఠం కదా, మూలంతా తలలూపింది. అవును, బెకీయే.

ఆ పెద్దమనిషి నా వైపు తిరిగి, "సంతోషం తమ్ముడూ" అన్నాడు.

అజిబు నన్ను చూశాడు. తర్వాత, గోడకు ఆనుకుని నిలబడ్డ కర్రలవాళ్లను చూశాడు. నోరు తెరిచి తన పేరూ ఊరూ చెబితే వాళ్లు వింటారు. చెప్పకపోతే వీళ్లు తీసుకుపోతారు. అలవాటుగా మెషీను అందుకోబోయాడు.

"అదక్కర్లేదు" అన్నాడాయన. "అక్కడ దాంతో పనిలేదు."

రెండు టీలు పట్టుకుని నేను దగ్గరికి వచ్చేసరికి, వాణ్ణి ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు. అప్పుడు చూశాను, ముగ్గురి భుజాలకూ నల్లగుడ్డ ముక్కలు. బండి కదిలిపోయింది.

టీలు అక్కడే పారబోసి వంతెన కిందికి పరుగెత్తాను. మా-డ్లోమో నన్ను చూడగానే తల దించుకుంది. "మీవాడికి నిన్ననే చెప్పాను కదా" అంది. కర్ర మిగుల్చుకోవడానికి బెకి అనేవాడు ఆ చర్చికి సన్న వాసాలు వేశాడట. డిసెంబరు వడగళ్ల వానకు కప్పు కూలింది. లోపల పాటలు నేర్చుకుంటున్న ఆరుగురు ఆడపిల్లలు. బెకి ఆ రోజే ఊరు విడిచి పారిపోయాడు, వాడి మెషీను ఈవిడ పట్టా మీదికి చేరింది.

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మీవాడు అడిగితే చెప్పనిచ్చావా నువ్వు?" అంది.

పోలీసు స్టేషన్‌లో పేరు రాయించాను: అజిబు, మలావీ, కప్పులు వేసేవాడు. కానిస్టేబులు ఓపిగ్గా మా మూలకు వెళ్లి అందర్నీ అడిగి వచ్చాడు.

"అక్కడ అజిబు అనే మనిషి ఎప్పుడూ నిలబడలేదంటున్నారు" అన్నాడు. "బెకి అని ఒకతను ఉండేవాడట. పొద్దున తెలిసినవాళ్లతో బండెక్కి వెళ్లాడట. అతనెవరో వాళ్లకు చూపించింది అతని స్నేహితుడేనట."

నేను చెబుతూనే ఉన్నాను. ఆ ఇద్దరూ ఒకరేనని చెప్పాను, పేరు నేనే పెట్టానని చెప్పాను, ఏడ్చి చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఇది జరిగి పద్దెనిమిది రోజులైంది.

మెషీను గదిలో మూలన ఉంది. ఇవాళ శుక్రవారం. శుక్రవారం నమాజు అయ్యాక అసియాతు ఫోన్ చేస్తుంది. పోయిన రెండు వారాలూ దూరం పనికెళ్లాడని చెప్పాను.

"అన్నా, ఇవాళైనా వచ్చారా? ఒక్కసారి ఇవ్వవా ఆయనకి" అంటోంది. వెనకాల పిల్లవాడు నాన్నా, నాన్నా అంటున్నాడు.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను. నోట మాట రావడం లేదు.