రెక్క కింది చప్పుడు

మొరుపీసికి ఎడమ చెవి మొరాయించి రెండేళ్ళు దాటింది. నది డెల్టా అంచునున్న మౌన్ ఊళ్ళో ఈ సంగతి ఇద్దరికే తెలుసు, ఆయనకూ ఆయన భార్య మ్మాతుమెలోకూ. ముప్ఫై ఒక్కేళ్ళు విమానాల ఇంజన్ల పక్కన నిలబడ్డ మనిషికి చెవి పోవడం వింతేమీ కాదు. పోయిందని ఒప్పుకోకుండా ఇన్నాళ్ళు నెట్టుకురావడమే వింత.

"జొన్న గంజి చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచాను," అంది ఆవిడ ఆ మంగళవారం పొద్దున.

"రెండుసార్లే పిలిచావు."

"అంటే ఒకటి వినపడలేదన్నమాట. ఇవాళైనా దర్యాప్తుకొచ్చిన ఆ పిల్లకు చెప్తావా, నన్నొచ్చి చెప్పమంటావా?"

"నువ్వొస్తే నీ గొంతు రాజధాని గాబొరోన్ దాకా వినపడుతుంది. నేనే చెప్తాలే."

"మొన్న కూడా ఇదే అన్నావు," అంటూ ఆవిడ గిన్నె ఆయన ముందుకు తోసింది. ఆయన నాలుగు చెంచాలు తిని లేచాడు. ఐదు రోజులుగా ఆయనకు ముద్ద దిగడం లేదు.

గడచిన గురువారం డెల్టాలో ఒక పర్యాటకుల శిబిరం నుంచి బయల్దేరిన ఆరు సీట్ల విమానం ఇంజన్ గాల్లోనే ఆగిపోయింది. పైలట్ లెసేడీ గుండె చిక్కబట్టుకుని, జింకల మందను చెదరగొట్టుకుంటూ, ఎండిపోయిన మడుగులోకి దాన్ని దించేసింది. ముందు చక్రం విరిగింది, ఒక ప్రయాణికుడి మణికట్టు బెణికింది, అంతే. ఊరంతా ఆ అమ్మాయిని నెత్తిన పెట్టుకుంది. మొరుపీసి కూడా వెళ్ళి రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు. కానీ ప్రమాదానికి పన్నెండు రోజుల ముందు ఆ విమానాన్ని తనిఖీ చేసి, అంతా బాగుందని సంతకం పెట్టింది ఆయనే.

దర్యాప్తుకు వచ్చిన అధికారి పేరు బొనోలో. పదకొండేళ్ళ కిందట ఇదే షెడ్డులో ఆయన చేతికింద పని నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు కళ్ళద్దాలూ, చేతిలో పెద్ద అట్టా, వెనక ప్రభుత్వ జీపూ వచ్చాయి గానీ, షెడ్డులోకి అడుగు పెట్టగానే మోకాళ్ళు కాస్త వంచి, "దుమేలా, ర్రా," అని వాళ్ళ భాషలో 'నమస్కారం, అయ్యా' చెప్పడం మాత్రం మానలేదు.

ముందురోజు సోమవారమంతా ఇద్దరూ కలిసి, లారీ మీద షెడ్డుకు చేర్చిన ఆ విమానం ఇంజన్ విప్పారు. ఇంజన్ నిక్షేపంలా ఉంది. రెక్కల్లో సగానికి పైగా పెట్రోలు ఉంది. పెట్రోలు ఉండీ ఇంజన్‌కు అందలేదంటే లెక్క ఒక్కటే. ట్యాంకులోంచి పెట్రోలు దిగాలంటే బయటినుంచి గాలి లోపలికి పోవాలి. ఈ పాత విమానంలో గాలి పోయే దారి ఎడమ రెక్క కింద వేలెడు గొట్టం, అదొక్కటే. అది మూసుకుపోతే ట్యాంకు నిండా పెట్రోలున్నా బొట్టు రాదు. డెల్టాలో ఆ గొట్టాలంటే మట్టిగూళ్ళు కట్టే కందిరీగలకు మహా ఇష్టం. అద్దె లేని ఇల్లు ఎవరికి చేదు?

అందుకే మొరుపీసి తన దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ మొదటి వారమే ఒక పని నేర్పేవాడు. ఆ గొట్టానికి రబ్బరు గొట్టం తగిలించి, నోటితో ఊదుతూ, రెక్కకు చెవి ఆనించి వినాలి. దారి బాగుంటే లోపలున్న చిన్న రేకు తలుపు టిక్కుమని తెరుచుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే మామూలుగానే ఊపిరి అడ్డం తగులుతుంది కాబట్టి, నోటిని నమ్మొద్దు, చెవినే నమ్మమనేవాడు. నేర్పినవాడు తను మాత్రం ఏడాదిగా ఆ టిక్కు వినలేదు. ఊది, కాసేపు ఆగి, టిక్కుమనే ఉంటుందిలే అనుకుని సంతకం పెట్టేవాడు. గొట్టం ఉన్న చోట రెక్కకు ఆసరాగా ఇనుప కమ్మీ ఒకటి అడ్డం ఉంటుంది. ఒంటరిగా ఊదుతూ వినేవాడికి ఆనేది ఎడమ చెవే.

మంగళవారం ఆయన షెడ్డుకు వెళ్ళేసరికి బొనోలో అప్పటికే గొట్టాన్ని నిలువునా కోసి బల్ల మీద పరిచింది. లోపల చిటికెన వేలంత మట్టి ముద్ద బిగుసుకుని ఉంది. దాన్ని చూడగానే ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ర్రా, ఇందులో మీకో సంగతి చూపించాలి," అంటూ ఆమె జేబులోంచి అగ్గిపెట్టె తీసింది.

"ఆగమ్మా. ముందు నేను మాట్లాడాలి."

ఆ ప్రాంతంలో ఊరి సభలో మాట్లాడేవాడి మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రారు. పెద్దవాడైతే అసలే రారు. ఆమె అగ్గిపెట్టెను బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆయన చెప్పాడు. రెండేళ్ళ కిందట ఎడమ చెవిలో హోరు మొదలవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. డాక్టరు దగ్గరికి పోతే కాగితం మీద రాస్తాడని భయపడి పోలేదన్నాడు. "ఆ తనిఖీ రోజు నేను టిక్కు వినలేదు, బిడ్డా. వినలేదని తెలిసీ సంతకం పెట్టాను. లెసేడీ చచ్చిపోయి ఉంటే నేను చంపినట్టే. నా లైసెన్సు తీసుకుపో. అడ్డు చెప్పను," అన్నాడు. అంతా అయ్యాక జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"అయిపోయిందా, ర్రా?"

"అయిపోయింది."

బొనోలో అగ్గిపెట్టె తెరిచింది. లోపల, ఆ ముద్దలోంచి తీసి పగలగొట్టిన మట్టి గది, అందులో ఏడెనిమిది చిన్న సాలీళ్ళు, వాటిలో ఒకదానికి అంటుకుని బియ్యపు గింజలో సగం లేని పురుగు పిల్ల.

"కందిరీగ గుడ్డు పెట్టి, పిల్ల తినడానికి సాలీళ్ళను నింపి, గది మూసేస్తుంది. ఈ పిల్ల ఒక్క సాలీడును కూడా తిని ముగించలేదు చూడండి. గుడ్డులోంచి వచ్చి ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. మీ తనిఖీ నాటిదైతే ఈపాటికి అన్నీ మింగేసి గది నిండా పెరిగి ఉండేది. గుడ్డు పగలడానికి పట్టే రోజులు కలిపినా ఈ గూడుకు ఆరేడు రోజుల కన్నా ఎక్కువ వయసు లేదు. ప్రయాణికుల కోసం ఆ విమానం శిబిరంలో మూడు రోజులు కదలకుండా నిలబడింది. అప్పుడు కట్టింది. గొట్టం లోతున కట్టింది గనుక లెసేడీకీ కనపడలేదు. మీరు సంతకం పెట్టిన రోజు ఈ దారి తెరిచే ఉంది."

మొరుపీసి ఆ పురుగును కళ్ళార్పకుండా చూశాడు. "మరి నేను నోరు తెరవకముందే చెప్పొచ్చు కదే!"

"పెద్దవాళ్ళ మాటకు అడ్డు రావద్దని నా చెవి మెలేసి నేర్పింది ఎవరు?"

"అది టీ తాగేటప్పటి ముచ్చట, తల్లీ. లైసెన్సు ఊడేటప్పటిది కాదు!" అని ఆయన అరిచాడు. అరుస్తూనే నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు మళ్ళీ తడిశాయి. ఐదు రోజుల బరువు ఒక్కసారిగా దిగినట్టయి, చెప్పలేనంత సంతోషం వేసింది.

"కానీ విన్నాక విననట్టు ఉండలేను, ర్రా," అంది ఆమె మెల్లగా. "ప్రమాదానికి కారణం మీరు కాదని రాస్తాను. చెవి సంగతీ రాస్తాను. వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ పరీక్ష ఇకమీదట ఒక్కరే చెయ్యకూడదు. ఒకరు ఊదాలి, ఒకరు వినాలి. అన్ని షెడ్డులకూ రాయిస్తాను."

"రాయి. నేను అడిగానని కూడా రాయి. ఇంతకూ మా ఆవిడకు ఎవరు చెప్తారు, నువ్వా నేనా?"

"ఆవిడ పొద్దున్నే నాకు ఫోన్ చేసి మీ చెవి సంగతి చెప్పేశారు," అంది బొనోలో, తల వంచుకుని నవ్వాపుకుంటూ.

బయట అలాంటిదే మరో విమానం మధ్యాహ్నం ప్రయాణానికి సిద్ధంగా ఉంది. బొనోలో రబ్బరు గొట్టం అందుకుని రెక్క కింద చేరింది. మొరుపీసి ఎప్పుడూ నిలబడే చోటికే అలవాటుగా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయి, కమ్మీ చుట్టూ తిరిగి రెండో వైపుకు వచ్చాడు. కుడి చెవి మీద ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న పెన్సిల్‌ను తీసి ఎడమ చెవికి మార్చాడు. కుడి చెవి రెక్కకు ఆనించి, ఊదమని చెయ్యి ఊపాడు.

ఆమె ఊదింది.

టిక్.

"ఇంకోసారి," అన్నాడు మొరుపీసి.