అడుగు చూసిన గుండు

నేను ఒక సీసపు గుండుని. గుండు అన్నానని గుండ్రంగా ఉంటాననుకునేరు. రోకలి ముక్కలా ఉంటాను, కింద లావు, పైన సన్నం. పైన తాడు కట్టే కన్నం, అడుగున బొటనవేలు దూరేంత గుంట. ఓడ ఏ కొత్త నీళ్లలోకి వెళ్లినా అందరికంటే ముందు అందులోకి దూకేది నేనే. మనుషులకి భయం వేసిన చోటల్లా ముందు నన్ను విసురుతారు. ఇదేమీ కొత్త రివాజు కాదులెండి. నోరు లేనివాణ్ణి ముందుకి నెట్టడం లోకంలో ఎప్పుడూ ఉన్నదే.

కోరంగిలో ఓడలు కట్టే రేవు పక్కన నన్ను పోత పోశారు. సగం పాత తుపాకీ గుళ్లు, సగం చిరిగిన వలలకున్న గుళ్లు. అంటే నాలో సగం మనుషుల్ని చంపడానికి పుట్టింది, మిగతా సగం చేపల్ని. రెండింటినీ కరిగించి ఒక్కటి చేసి, ఇక మీదట ప్రాణాలు కాపాడమని పని అప్పజెప్పారు. అప్పుడే నవ్వాల్సింది. నోరుండాలిగా!

నా పని రెండు రకాలు. ఒకటి, లోతు చెప్పడం. తాడుకి బారకో గుర్తు ఉంటుంది, ఓ చోట తోలుముక్క, ఓ చోట ఎర్రగుడ్డ. అది ఎవడైనా చూస్తాడు. రెండోదే అసలైనది, అడుగున ఏముందో చెప్పడం. తెల్లవాళ్ల ఓడల్లో నా గుంటలో ఆవుకొవ్వు కూరుతారు. నేను అడుగుకి తగలగానే అక్కడి మన్నో ఇసుకో గుల్లో ఆ జిడ్డుకి అంటుకుని పైకొస్తుంది. మన్నయితే లంగరు పడుతుంది. ఏమీ అంటలేదంటే కింద రాయి. అక్కడ లంగరు వెయ్యకూడదు, వేస్తే జారుతుంది.

మా ఓడ పేరు రత్నమాల. దాని తండేలు, అంటే కళాసీలందరికీ పెద్ద, భీమిలి వాడు వాసుపల్లి దానయ్య. ఆవుకొవ్వు నా దగ్గరికి రానిచ్చేవాడు కాడు. వాళ్ల నాన్న నేర్పినట్టు తేనెమైనం కరిగించి, ఆముదం కలిపి, అరచేతిలో పిసికి నా గుంటలో అద్దేవాడు. నన్ను కళ్లకద్దుకుని, "గంగమ్మ తల్లీ, నీ కడుపులో ఏముందో సెప్పు" అని విసిరేవాడు. మన నీళ్లలో ఆ మైనం అన్నంముద్దలా మెత్తగా ఉండేది. గోదారి నోటి దగ్గర నల్లమన్ను, భీమిలి దగ్గర సన్న ఇసుక, ఏది తగిలితే అది పట్టుకొచ్చేదాన్ని. దానయ్య వాసన చూసి మనం ఫలానా చోట ఉన్నాం అనేవాడు. తప్పేవాడు కాడు. కెప్టెన్ బ్రాడీ దొర కూడా, "కొవ్వో మైనమో నాకెందుకయ్యా, అడుగు చెప్తే చాలు" అని ఊరుకునేవాడు.

ఆ ఏడు రత్నమాల గోనెసంచులు వేసుకుని భూమికి ఆ చివరనున్న చిలీ దేశం వెళ్లింది. అక్కడి ఎడారుల్లో తవ్విన తెల్లటి ఎరువుప్పు నింపుకుని, దక్షిణ అమెరికా తోక చుట్టి తెల్లవాళ్ల ఇంగ్లండు సీమకి పోవాలి. దానయ్య తన చెల్లెలు నూకాలు మొగుణ్ణి, అర్జిల్లి పైడయ్యని, మొదటిసారి ఓడెక్కించాడు. బయల్దేరిన నాడు నూకాలు రేవులో అన్న చెయ్యి పట్టుకుని, "అన్నా, నాను అడిగినాదేటి లేదు. ఎలా తీసుకెళ్తన్నావో అలా తెచ్చి నాకప్పజెప్పు" అంది. దానయ్య సరేనన్నాడు. సముద్రం మీద పోయేవాడు ఇవ్వకూడని మాట అదొక్కటే. ఇచ్చాడు.

ఆ తోక దగ్గరి నీళ్లు చూశాక నాకు మొదటిసారి దిగబుద్ధి కాలేదు.

ఏం చెప్పమంటారు. ఆ ఖండం వెన్నెముకలాంటి కొండలు దక్షిణానికి నడిచి నడిచి సముద్రంలోకి దిగిపోయాయి. మునిగింది మునగ్గా, మునగలేక మిగిలిన కొనలు దీవులయ్యాయి. అందుకే అక్కడ ఒడ్డు చెయ్యి చాస్తే అందేట్టుంటుంది, అడుగు మాత్రం అందదు. మన దగ్గర సముద్రం నేలని చేరేముందు ఒదిగి వస్తుంది. అక్కడ గోడలా నిలువునా దిగుతుంది. గాలి ఒకే పక్కకి దువ్వి దువ్వి చెట్లని పడుకోబెట్టేసింది. మోకాలెత్తు లేని చెట్టుకి మీ ముత్తాత వయసుంటుంది. నేలని నమ్మి కాలు పెడితే అది నీళ్లు తాగిన పీచు, మోకాలి దాకా దిగిపోతుంది. ఒక పూటలోనే ఎండ, వాన, వడగళ్లు, మంచు, మళ్లీ ఎండ. ఎగరలేని బాతులు రెక్కలతో నీళ్లు బాదుకుంటూ పారిపోతుంటాయి. దేన్ని చూసి పారిపోతున్నాయో మాకు కనపడేది కాదు.

ఆ తోక కొస కేప్ హార్న్. అది దాటకుండానే ఓ అల చుక్కానిని విరిచేసింది. దాన్ని బాగుచేసుకోవాలంటే ఎక్కడో ఓ చోట లంగరు వేసి కదలకుండా నిలబడాలి. గాలి నెట్టుకుంటూ నెట్టుకుంటూ మమ్మల్ని రెండు దీవుల మధ్య చిన్న కయ్యలోకి, అంటే కొండల నడుమకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి చేర్చింది. లోపల నీళ్లు అద్దంలా ఉన్నాయి. మూడు పక్కలా నల్లటి కొండ, పైన మంచు. కళాసీలు దేవుడు చూపించిన చోటన్నారు. అంత నిశ్శబ్దంగా ఉన్న చోటు ఏ దేవుడూ చూపించడని నాకు తెలుసు. పక్షి కూడా అరవట్లేదు.

కయ్య మొదట్లోనే దొర ఓడ నెమ్మదింపజేసి అడుగు చూడమన్నాడు. పైడయ్య మైనం అద్దబోయి ఆగాడు.

"బావా, ఇది రాయైపోనాది. గోరు దిగట్లేదు సూడు."

"సలికి అలాగే ఉంటాది. నువ్వు తాడు సరిసెయ్."

"వంటసాలలో కొవ్వు డబ్బా ఉంది. సిటికెలో ఓ ముద్ద తెత్తాను."

"తెచ్చినావంటే డబ్బాతో పాటు నిన్నూ పారెత్తాను."

పైడయ్యది చిన్న వయసు, పెద్ద నోరు. "నిన్న సలికి సేతులు పగిలితే ఆ డబ్బాలోదే గదా రాసుకున్నావు? నాను సూడనేదనుకున్నావా బావా?"

కళాసీలు పగలబడి నవ్వారు. దానయ్య నవ్వలేదు. పగుళ్లతో ఎర్రగా ఉన్న తన చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు.

"సెయ్యి నాది," అన్నాడు. "గుండు గంగమ్మది."

కళ్లకద్దుకుని విసిరాడు. మనిషి ఎంత తిక్కవాడో అంత నిజాయితీపరుడు కూడా. ఈ రెండూ కలిసినచోటే ఓడలు మునుగుతాయి.

నేను దిగాను. కింద ఏముందనుకుంటున్నారు? మన్ను. నీలిరంగు మన్ను, వెన్నలాంటిది. సగం దాకా కూరుకుపోయాను. ఏ లంగరైనా దిగితే పీకడం ఎవడి తరమూ కానంత పట్టున్న నేల. కానీ గుంటలో మైనం గులకరాయిలా బిగుసుకుపోయి ఉంది, దానికేం అంటుతుంది? ఒంటికి అంటిన కాస్త మన్నునీ పైకి లాగేలోపు పదిహేను బారల నీళ్లు కడిగేశాయి. దానయ్య నన్ను తిరగేసి చూశాడు. తళతళలాడుతున్న మైనం, ఒక్క రేణువు లేదు.

"రాయి, దొరా."

వాడి నలభై ఏళ్ల అనుభవంలో ఒట్టి మైనం అంటే రాయే. అనుభవం కూడా ఓ రకం మైనమే. పుట్టిన నీళ్లలోనే మెత్తగా ఉంటుంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. అరిచినా గుండు మాట వినే తండేలు ఉంటాడా?

ఓడ ఇంకా లోపలికి పోయింది, కొండ కిందకి. అక్కడ మళ్లీ విసిరారు. ఈసారి నిజంగానే రాయి, వాలుగా ఉన్న పలక. దానిమీద పిడికెడు పగిలిన గుల్లలు చల్లినట్టున్నాయి. ఓ గుల్ల పెంకు మైనాన్ని గీరి అంచున ఇరుక్కుంది. దానయ్య మొహం వెలిగింది. "గుల్లా ఇసకా, దొరా. పడతాది." అబద్ధం ఆడినవాడు లేడు. లంగరు మాత్రం దిగింది.

కాసేపటికి ఓ చెట్టుబెరడు పడవ వచ్చింది. అందులో అక్కడి దీవుల ఆడమనిషి ఒకతె, ఒడిలో పసిబిడ్డ. పడవ మధ్యలో పచ్చగడ్డి పరిచి దానిమీద నిప్పు పెట్టుకుంది. నీళ్లలో అక్కడక్కడ సముద్రపు నాచు తీగలు అడవిలా పైకి తేలి ఉన్నాయి. తాటితాళ్లంత లావు, కింద రాయిని వేళ్లతో కరుచుకుని పెరిగినవి. ఆమె ఓ గుప్పెడు తీగల్ని పడవలోకి లాగి, మెలిపెట్టి, అంచుకి కట్టేసింది. అదే ఆమె లంగరు. ఆ తర్వాత కొండమీది మంచుకేసి చెయ్యి చూపించి ఏదో అరిచింది. మళ్లీ అరిచింది.

"ఏటంటంది బావా?"

"రొట్టె అడుగుతున్నాదేమో. ఓటి ఇసురు."

రొట్టె విసిరారు. ఆమె దానికేసి చూడనుకూడా లేదు. బిడ్డని తను కప్పుకున్న జంతుచర్మం కిందకి లాక్కుని పడవ అడుక్కి వంగి పడుకుంది.

దానయ్య అప్పుడు కొండకేసి చూశాడు. పైనుంచి మంచుపొడి తెల్లటి పొగలా లేస్తోంది. సముద్రం మీద గాలి లేదు. ఆ గాలి సముద్రం మీంచి వచ్చేది కాదు. కొండ నెత్తిమీద పోగుపడి, మోయలేక ఒక్కసారిగా కిందికి దొర్లేది.

దొర్లింది. నీళ్లు నలిగి పొడైపోయి గాల్లోకి లేచాయి. లంగరు జారుతోందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. నన్ను అడుక్కి దింపి, తాడు వదులుగా చేత్తో పట్టుకుంటారు. ఓడ నిలబడితే తాడు వదులుగానే ఉంటుంది. దానయ్య నన్ను దింపాడు. నేను పలకమీద కదలకుండా కూచున్నాను. పైన తాడు బిగిసింది, సాగింది, దానయ్య చేతుల పగుళ్లని ఒరుసుకుంటూ పోయింది. కొండంత ఓడ రాళ్లకేసి వెనక్కి నడుస్తోంది, పక్కనే లంగరు పలకమీద గీరుకుంటూ కుక్కలా ఈడ్చుకుపోతోంది.

గబగబా పైకి లాగాడు. తిరగేశాడు. మైనం మీద బొటనవేలి గోరు పెట్టి నొక్కాడు. దిగలేదు. బలం కొద్దీ నొక్కితే గోరు విరిగింది. తర్వాత తలెత్తి, మేము మొదట అడుగు చూసిన చోటుకేసి చూశాడు. ఓ కేక దూరం.

"అది మన్నేరా పైడీ," అన్నాడు, ఎవరికీ చెప్పనట్టు.

తర్వాత ఒక్కమాట వృథా చెయ్యలేదు. పడవ దింపించాడు. పైడయ్యని మెడపట్టి అందులోకి తోశాడు. వెనకాలే నన్ను, నా తాడు చుట్టనీ విసిరాడు.

"ఆ అమ్మి కట్టినట్టు నాచుకి కట్టు!"

"నువ్వు రా బావా! నూకాలు నన్నడిగితే ఏటి సెప్పను?"

"దిగనివాళ్లింకా ఉన్నారు. నాను తండేల్ని గాదేటి? కట్టరా ముందు!"

పడవలోకి దిగగలిగినవాళ్లు దిగారు. నా తాడు నాచు తీగల చుట్టూ చుట్టుకుంది. అల వచ్చినప్పుడల్లా తీగ సాగింది, వంగింది, తెగలేదు. ఇనప లంగరు పట్టని చోట గడ్డి పట్టింది. పక్కన బెరడు పడవ కూడా అలాగే ఊగుతోంది, అందులో నిప్పు కూడా ఆరలేదు. రత్నమాల రాళ్లకి తగిలిన చప్పుడు ఒక్కసారే వినపడింది. దానయ్య, దొర, ఇంకా దిగని కళాసీలు అందులోనే ఉన్నారు.

కాసేపట్లో ఎండ వచ్చింది. ఏమీ జరగనట్టు, మళ్లీ అద్దం.

పడవలోవాళ్లు వెదికారు. ఎవరూ దొరకలేదు. ఆ ఆడమనిషి ఒడ్డున తన మంట దగ్గరికి వాళ్లని పిలిచి, గుల్లలు కాల్చి పెట్టింది. తిరిగి పడవెక్కాక పైడయ్య అందులో తెడ్లకి రాసే జిడ్డు డబ్బా మూత తీశాడు. అందులోదీ ఆవుకొవ్వే. కత్తిమొనతో నా గుంటలో మైనం గీకి, ఆ కొవ్వు కూరి, మొదటి చోట నన్ను దింపాడు. పైకి తీస్తే గుంటనిండా నీలిమన్ను, చిక్కగా. వాసన చూశాడు, బావ చూసినట్టే. పక్కనున్న కళాసీ, "ఏటి?" అన్నాడు. పైడయ్య నన్ను నీళ్లలో కడిగేశాడు.

సీళ్లనే సముద్రపు జంతువుల వేటకొచ్చిన ఓడొకటి వాళ్లని ఎక్కించుకుంది. రేవులు మారి, ఓడలు మారి పైడయ్య భీమిలి చేరాడు, నన్ను భుజాన మోసుకుని. అక్కడి జాలరి వాడలో ఓ ఆనవాయితీ ఉంది. సముద్రంలో పోయినవాడి గురించి ఆడవాళ్లు ఎలా పోయాడని అడగరు. అక్కడ అడుగున ఏముందని అడుగుతారు. మన్నులో పడినవాడు నిద్రపోతాడని, రాతిమీద పడినవాడికి నిద్ర ఉండదని వాళ్ల నమ్మకం.

నూకాలు ఏడుపు ఆపుకుని అడిగింది. "మా అన్న ఉన్నకాడ అడుగున ఏటుంది?"

పైడయ్య నాకేసి చూశాడు.

"మన్నే," అన్నాడు. "మెత్తటి మన్ను."

నూకాలు నెమ్మదించింది. మా అన్న నిద్రపోతన్నాడని వాడంతా చెప్పుకుంది. పైడయ్య మళ్లీ ఓడెక్కలేదు. అన్నం ముందు కూచున్నప్పుడు మాత్రం తన గోళ్లకేసి చూసుకునేవాడు.

ఇప్పుడు నీళ్లలోకి కూతపెట్టి, దాని ప్రతిధ్వనితో లోతు చెప్పే పెట్టెలొచ్చాయట. నేను ఆ ఇంటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపే బరువునయ్యాను. తరాలు గడిచాక పాత సామాన్ల కొట్లో పడ్డాను. రేపో మాపో కరిగించి వల గుళ్లు పోస్తారు. పుట్టింది అందులోంచే, మళ్లీ అందులోకే. నిన్న కొట్టువాడు నన్ను తిరగేసి, గుంటలో గోరు పెట్టి గీకాడు. అంచున ఓ పలుకు మైనం ఇంకా ఉంది. ఇక్కడి ఎండకి మెత్తగా ఉంది. గోరు ఇట్టే దిగింది.