ఎనిమిది గంటల వరకు

లిఖితకు దక్షిణాన ఉన్న దీవి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఓడలో రెండు రాత్రుల ప్రయాణం. ఓడ రేపు ఉదయమే. అక్కడ బడి ఉంది, పిల్లలున్నారు, ఉండడానికి క్వార్టరు ఇస్తారు. కరెంటు మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుందట. వెళ్తే మళ్లీ పోర్ట్ బ్లెయిర్ ముఖం చూసేది సెలవులకే. పాఠాలు రాసుకోవడానికి చిన్న ల్యాప్‌టాప్ కావాలంది. కొనడానికి మాకు ఒక్క రోజే ఉంది. తప్పుది కొంటే ఏడాదంతా దానితోనే కాపురం చెయ్యాలి, బాగు చేసేవాడు కూడా అక్కడ లేడు.

బజారులో లోపలి సందులో సత్యారావు దుకాణం. అతనూ మా డైరీ ఫార్మ్ పేట మనిషే. ఆదివారం పూట నా గంప దగ్గరికే వస్తాడు చేపకి.

బల్ల మీద మూడు పెట్టాడు. ఎర్రది, తెల్లది, నల్లది. మూడూ ఇంచుమించు ఒక్క కొలతే, పెద్ద పుస్తకమంత. ఎర్రది అన్నిటికన్నా చవక. తెల్లది అద్దంలా మెరుస్తోంది, పావురంలా తేలిక. నల్లదాని వెనక బ్యాటరీ గూనిలా పొడుచుకొచ్చింది. లిఖిత చెయ్యి నేరుగా తెల్లదాని మీదికే వెళ్లింది.

"ఇదే అమ్మా. అట్టపెట్టె మీద చూడు, బ్యాటరీ ఎనిమిది గంటలట."

అట్టపెట్టె నా వైపు తిప్పుకున్నాను. ఇంగ్లీషు నేను నిదానంగా కూడబలుక్కుని చదువుతాను. ఎనిమిది అంకె బొటనవేలంత ఉంది. దాని ముందు రెండు పొట్టి మాటలు చీమల్లా ఉన్నాయి.

"అప్ టు. అంటే ఏటే?"

"వరకు అని. ఎనిమిది గంటల వరకు."

"రెండు గంటలైనా వరకే కదేటి?"

సత్యారావు నవ్వాడు. "అరే దీదీ, కంపెనీవాడు అబద్ధం రాస్తాడేటి? నా మాట మీద తీసుకెళ్లు. నేను చెప్తన్నాను కదా!"

ఒకరి మాట మీద నేనేదీ తీసుకోను. సునామీ వచ్చినప్పుడు మా ఆయన నూకన్న అటువైపు దీవిలోనే జెట్టీ పనిలో ఉన్నాడు. పోయినవాళ్ల పేర్లు హార్బరు గోడకి అంటించారు. నాకు అక్షరం రాదు. ఒకాయన వేలు పెట్టి పైనుంచి కిందికి చూసి, "నీ మనిషి పేరు లేదమ్మా, వెళ్లు" అన్నాడు. ఇంటికి వెళ్లి అన్నం వండాను. మూడు రోజులు ఆయనకి కూడా వండి ఉంచాను. నాలుగో రోజు లిఖిత వాళ్ల టీచరు సత్యవాణి గారు ఆ గోడ మీది పేర్లు చూసి, ఇంటికొచ్చి నా భుజం పట్టుకుంది. పేరు మొదటి రోజు నుంచీ ఉంది. ఆ నెల్లోనే, సునామీ బాధితుల క్యాంపు రేకుల కింద, ఆవిడ దగ్గరే పలక పట్టాను. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. ముందు తెలుగు, తర్వాత హిందీ, ఆఖర్న ఇంగ్లీషు.

"సత్యారావూ, ఈ మూడూ ప్లగ్గు తీసి నడిపించు. ఏది ఎంతసేపు ఉంటాదో కూకుని చూస్తాను."

అతని నోరు తెరుచుకుంది. "పొద్దంతానా?"

"పొద్దంతా."

"అలాగెవరూ కొనరు దీదీ!"

"ప్రతి ఆదివారం నా గంపలో చేపలన్నిటికీ మొప్ప ఎత్తి చూస్తావు. పొట్ట నొక్కుతావు. కోనం చేపనైతే తోక పట్టుకుని వేలాడదీస్తావు. నేను ఏనాడన్నా ఏటన్నా అన్నానా?"

పక్కనే ఫ్యాను బాగుచేయించుకుంటున్న పెద్దమనిషి పకపకా నవ్వాడు. సత్యారావు తల గోక్కుని, మూడూ నిండుగా చార్జి అయ్యాయని చూపించి, ప్లగ్గులు పీకాడు. సరిగ్గా పది గంటలు.

"అమ్మా, పరువు తీస్తున్నావు," అంది లిఖిత, చెవిలో.

"పరువుకి చార్జింగు అక్కర్లేదు. కూకో."

క్యాలెండరు కాగితం వెనక మూడు గీతలు గీసి, పైన రంగులు రాశాను. ఎర్రదానిలోనూ నల్లదానిలోనూ సినిమా పెట్టించాను. లిఖిత మాత్రం తెల్లదాన్ని ఒళ్లో పెట్టుకుని, బడి తెరిచిన మొదటి వారం పాఠాలు టైపు చేయడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు నిలబడిపోయారు. ఒకడు ఎర్రదాని మీద టీ పందెం కాశాడు.

వాడు ఓడిపోయాడు. పన్నెండూ ఇరవైకి ఎర్రది కళ్లు మూసేసింది. రాసుకున్నాను.

ఒంటిగంటన్నరకి బజారు మొత్తం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. దుకాణంలో వెలుగు రెండే చోట్ల ఉంది, నల్లదానిలోనూ, మా అమ్మాయి ముఖం మీదా. అది తలెత్తలేదు. వేళ్లు వాన చినుకుల్లా పడుతున్నాయి. ఏ తరగతి పిల్లలకి చెప్పబోయే పాఠమో, నాకు అర్థం కాలేదు కానీ, చూస్తూ కూర్చున్నాను. తెచ్చుకున్న అన్నం డబ్బా తెరవడం కూడా మరిచాను.

రెండున్నరకి ఒక్కసారిగా లిఖిత ముఖం మీద వెలుగు పోయింది.

"అమ్మా!"

"ఏటే?"

"ఆగిపోయింది. నేను సేవ్ చెయ్యలేదు. మొత్తం పోయింది, రెండు రోజులకి సరిపడే పాఠాలు!"

సత్యారావు గబగబా వచ్చాడు. "స్క్రీను వెలుగు ఫుల్లుగా పెట్టావు బేటీ. తగ్గించుకుంటే ఇంకా వస్తాది."

"చీకట్లో పనిచెయ్యాల్సినోళ్లు వెలుగు తగ్గించుకుంటారేటి?" అన్నాను. "నాలుగున్నర గంటలు" అని రాశాను.

నల్లది నడుస్తూనే ఉంది. నేను దాని జోలికి వెళ్లలేదు. ఇది బాగుంది, ఇదే కొను అని ఒక్క మాట కూడా అనలేదు. మోసేది లిఖిత, ఓడ మెట్లు ఎక్కేది లిఖిత. తెల్లదీ నల్లదీ చెరో చేత్తో ఎత్తి చూసి, తేడా పావుకిలో పైనే ఉంటుందని మాత్రం చెప్పాను. ముప్పై ఏళ్లుగా చేప తూచిన చేతులు నావి.

లిఖిత కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత లేచి నల్లదానిలో సినిమా ఆపి, మొదటి నుంచి పాఠం మొదలుపెట్టింది. ఈసారి ప్రతి పేజీకీ ఆగి సేవ్ చేసుకుంది. నాలుగయింది. కరెంటు వచ్చింది, మళ్లీ పోయింది. లిఖిత గమనించనే లేదు. అయిదుంబావుకి నల్లది ఆగేసరికి పోయిన పాఠాలన్నీ తిరిగి రాయడం అయిపోయి, మూడో రోజువి కూడా సగమయ్యాయి.

"ఏడుంబావు," అన్నాను, రాస్తూ.

"గూనిది కదా," అన్నాడు సత్యారావు నీరసంగా.

"నాకు గూనిదే కావాలి," అంది లిఖిత. "కొత్త పీసు ఇవ్వు భయ్యా. సీలు మా అమ్మ ముందు తియ్యి."

అతను లోపల్నుంచి అట్టపెట్టె తెచ్చి సీలు తీస్తుండగా ఒకావిడ లోపలికి వచ్చింది. ఫెరార్గంజ్ నుంచట, కొడుకు కాలేజీలో చేరాడట. బల్ల మీద మెరుస్తున్న తెల్లదాని దగ్గర ఆగి, "భయ్యా, ఇది ఎంతసేపు నడుస్తాది?" అని అడిగింది.

"ఎనిమిది..." అన్నాడు సత్యారావు.

నా వైపు చూశాడు. నేను కాగితం మడత పెట్టుకుంటున్నాను.

"నాలుగున్నర," అన్నాడు. "నాలుగున్నర గంటలు అమ్మా. దీదీ కూకుని చూసింది."