లేవని మేనత్త

నాకు తుంటి నొప్పి వచ్చిందని నాకే చాలాకాలం తెలియలేదు. మోకాలు సలుపుతోంది కదా అని మోకాలికే నూనె రాసుకున్నాను, మోకాలికే వేడినీళ్ళ కాపడం పెట్టుకున్నాను, మా వదిన తెచ్చిన ఆకుపసరు కూడా దానికే పట్టించాను. తుంటి మీద కొడితే పళ్ళు రాలాయన్నట్టు, అరిగేది ఒకచోటైతే ఏడ్చేది ఇంకోచోట అయింది. మసాకా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసిన అబ్బాయి మోకాలు వదిలేసి పైన చూపించి, ‘అమ్మా, రోగం ఇక్కడుంది’ అన్నాక గానీ నాకు బుద్ధి రాలేదు.

మా బుగాండా సీమలో పుట్టిన ఆడదాని మోకాళ్ళకు సెలవులుండవు. పెద్దవాళ్ళు ఎదురైతే మోకరిల్లి పలకరించాలి. చుట్టానికి మంచినీళ్ళిచ్చినా మోకాళ్ళ మీదే. కూర్చోవడం చాప మీద, కాళ్ళు రెండూ ఒక పక్కకు మడిచి. కుర్చీలున్నది మగవాళ్ళకి, చర్చి ఫాదరుకి. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అని నన్నడక్కండి. అరవై దాటేదాకా దానితోనే బతికాను, దానితోనే మర్యాద సంపాదించుకున్నాను.

నొప్పి ముదిరేకొద్దీ దొంగ తెలివితేటలు నేర్చుకున్నాను. వేడుకలకి అందరికంటే ముందే వెళ్ళి చాప మీద కూర్చునేదాన్ని. తరవాత వచ్చిన పెద్దల ముందు కొత్తగా వంగక్కర్లేదు. లేవడానికి మాత్రం అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, పక్కకి దొర్లి, గోడ పట్టుకుని లేచేదాన్ని. దారిలో పెద్దమనిషి కనిపిస్తే ఎవరింటి పెరట్లోకో మళ్ళేదాన్ని. ఊళ్ళోవాళ్ళు నన్ను చూసి, ‘ఎరినాకి వయసు మీదపడి గర్వం పెరిగింది’ అన్నారు. కుంటిదానివన్న మాటకంటే గర్విష్టివన్న మాటే నయం అనుకున్నాను. నొప్పి బిళ్ళలు మింగితే తుంటి ఊరుకునేది, కడుపు మండేది. మానేస్తే కడుపు ఊరుకునేది, తుంటి మండేది.

చివరికి నన్ను పట్నం లాక్కెళ్ళింది మా అన్నయ్య కసులె కూతురు నకియెంబ. నేను దానికి మేనత్తని. మేనత్త లేకుండా మా దగ్గర పెళ్ళి మాట కదలదు. పిల్లకి కాపురం సంగతులు చెప్పేది మేనత్త, పిల్లవాడిని పదిమందిలోకి తెచ్చేది మేనత్త. దాని పరిచయాల వేడుక దగ్గరపడింది. మగపెళ్ళివారు కానుకలతో వస్తారు, మేనత్త వెళ్ళి వాళ్ళ గుంపులో పెళ్ళికొడుకుని పట్టుకుని, అతని ముందు మోకరిల్లి, కోటుకి పువ్వు గుచ్చాలి. ఆ పువ్వు పడితేనే సంబంధం ఖాయమైనట్టు.

పట్నంలో ఎముకల డాక్టరు ఆడమనిషి. పేరు అతుహైరె. పడమటి కొండల వైపు పిల్ల. ఎక్స్‌రే వెలుగులో పెట్టి, కీలులో ఉండాల్సిన మెత్తని పొర మొత్తం అరిగిపోయిందని, ఎముకని ఎముక రాసుకుంటోందని చెప్పింది. నేను కర్ర ఏ చేత్తో పట్టుకుంటున్నానో చూసి, నొప్పి కుడివైపైతే కర్ర ఎడమచేతిలో ఉండాలంది. అన్నాళ్ళూ నేను తప్పుచేత్తో ఈడ్చుకున్నాను. బిళ్ళలు తగ్గించమంది, ఒళ్ళు కూడా కాస్త తగ్గించమంది, మంచం మీద పడుకుని కాలు ఎత్తే కసరత్తులు చూపించింది. ఇవన్నీ రోజులు నెట్టుకురావడానికేనట. నిజంగా నొప్పి పోవాలంటే కీలు మార్చాలి. చీము పట్టొచ్చు, రక్తం గడ్డకట్టొచ్చు, అరుదుగానే అయినా ఉన్న మాట చెప్పాలి కదా అంది. మనిషి దాపరికం లేనిది. నాకు నచ్చింది.

"మార్పించుకుంటే చాప మీద కూర్చోవచ్చా?" అని అడిగాను.

"కుర్చీలో కూర్చోవచ్చమ్మా. నడవొచ్చు, తోటపని నిలబడి చేసుకోవచ్చు. కాళ్ళు పక్కకి మడిచి నేల మీద మాత్రం ఇంక వద్దు. కీలు జారిపోతుంది."

"మోకరిల్లడం?"

"కొన్నాళ్ళయ్యాక, పట్టుకోడానికి ఏదైనా ఉంటే చూద్దాం. ఇప్పుడైతే మాటివ్వలేను."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూశారా, అలా అనిపించింది. నొప్పి తీసుకుని నా చోటు కూడా తీసేసుకుంటానంటోంది ఈవిడ. చాప లేని మేనత్త ఎవరికి కావాలి? పక్షం రోజుల్లో ఆపరేషన్ చేస్తానని డాక్టరమ్మ అంటే ఆలోచించుకుంటానన్నాను. 

ఇంటికొచ్చాక అన్నయ్య ఇంకో పుల్ల వేశాడు. నేను కుంటుతున్నాను కాబట్టి ఈసారికి మేనత్త పని మా పినతండ్రి కూతురు నబుకాలుకి అప్పచెబుదామన్నాడు. నబుకాలు మోకాళ్ళు బాగుంటాయి, ఎందుకంటే ఎప్పుడూ ఏ పనీ చెయ్యలేదు. పిల్ల పుట్టినప్పుడు దాన్ని ఎత్తుకున్నది నేను. అది కష్టసుఖాలన్నీ చెప్పుకునే మనిషిని నేను. పువ్వు నబుకాలు గుచ్చుతుందా? నాకు ఒళ్ళు మండిపోయి అన్నయ్యతో అనాల్సినవీ అనకూడనివీ అన్నాను. ఆయన మీసం దువ్వుకుంటూ విని, వేడుకనాటికి సరిగ్గా నడవగలిగితే నువ్వే గుచ్చు అన్నాడు.

వారం తిరక్కుండా డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆపరేషన్ వద్దు, కీలులోకి వేసే సూదిమందు వెయ్యమన్నాను. ఆవిడ ఒప్పుకునే ముందు రెండు సంగతులు చెప్పింది. మందు కొందరికి నెలలు పనిచేస్తుంది, కొందరికి వారాలు, కొందరికి అసలు పనిచెయ్యదు. వేశాక మూడు నెలలు గడిచేదాకా తను కత్తి పట్టదు, చీము పట్టే ముప్పు ఎక్కువ. ఆ లోపల నొప్పి తిరిగొస్తే భరించాల్సిందే.

"అత్తా, నా పువ్వు కోసం నువ్వు కాలు పోగొట్టుకోకు. నబుకాలత్త గుచ్చినా పువ్వు పువ్వే," అంది నకియెంబ.

"నబుకాలు గుచ్చితే ముల్లే," అన్నాను నేను. సూది వేయించుకున్నాను.

మందు పనిచేసింది. మొదటి పది రోజులు నా కాలు నాకు కొత్తగా కనిపించింది. అరటితోటలో తిరిగాను, చర్చికి నడిచాను. ఇంట్లో తలుపేసుకుని మంచం పట్టుకుని మోకరిల్లి చూసుకున్నాను, లేచాను కూడా. పెద్ద ఘనకార్యం చేసినట్టు నాలో నేనే నవ్వుకున్నాను.

వేడుకనాటికి ఆ మందు సగం దిగిపోయిందని నాకు పొద్దున్నే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఎర్ర గోమెసి కట్టుకున్నాను. ఆ దుస్తుకి నడుం కింద, సరిగ్గా తుంటి మీద పట్టీ బిగించి ముడెయ్యాలి. వదిన ముడి బిగిస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ సంతోషమనుకుంది.

పందిళ్ళు ఎదురెదురుగా వేశారు. మగపెళ్ళివారు తెల్లటి పొడుగు కాన్జుల్లో, పైన కోట్లతో దిగారు. బుట్టలు, చక్కెర, కిరసనాయిలు, గొడ్డు తొడ, మా మేనల్లుడికి ఆనవాయితీగా రావాల్సిన కోడిపుంజు, అన్నీ దించారు. రెండు వైపుల మాటకారులూ గంటలకొద్దీ ఒకళ్ళనొకళ్ళు దెప్పుకున్నారు. మా వంతు వచ్చింది. నేను వాళ్ళ వరసల్లో తిరిగి, ‘ఇతనా? కాదు, ఇతనికి దంతాలు పెద్దవి’ అంటూ నవ్వించి, చివరికి పెళ్ళికొడుకు సెముజ్జు దగ్గర ఆగాను. అతను మాట్లాడకూడదు. పెళ్ళికొడుకు ఆ రోజంతా నోరు మెదపకపోవడమే మర్యాద. అతని ముందు పరిచిన చాప మీద మోకరిల్లాను. పువ్వు గుచ్చాను. ఆడవాళ్ళు సంతోషంతో కేకలు వేశారు.

లేవబోయాను. కాలు రాలేదు.

ఇంకోసారి ప్రయత్నించాను. తుంటిలో ఏదో బిగుసుకుపోయి, గజ్జ నుంచి మోకాలి దాకా నిప్పు పాకింది. కదలకుండా ఉండిపోయాను.

మా వాళ్ళందరికీ మేనత్త లేవకపోతే ఒకటే అర్థం. ఆవిడకింకా తృప్తి కాలేదు, ఇంకేదో కావాలి. అది మేనత్తల హక్కు. నేనే పెద్ద మేనకోడలి వేడుకలో సైకిలు తెచ్చేదాకా లేవకుండా కూర్చున్నాను, ఆ కథ జిల్లా అంతా తెలుసు. నన్ను ఇంకెవరు అనుమానిస్తారు? వాళ్ళ మాటకారి నవ్వుతూ చక్కెర మూట తెప్పించి నా పక్కన పెట్టించాడు. నేను లేవలేదు. జనం ఈలలేశారు. గోమెసి గుడ్డ తెచ్చారు. నేను లేవలేదు. మా అన్నయ్య అటువైపు పందిట్లో గర్వంతో ఉబ్బిపోతున్నాడు. చెల్లెలు అలా గట్టిగా పట్టుబడితే ఆడపిల్ల విలువ పెరుగుతుందట. మేకని కూడా తోలుకొచ్చారు. మాటకారి దాని తాడు నా ఒళ్ళో వేసి, ఈ మేనత్త కడుపు చెరువు లాంటిది, ఎన్ని పోసినా నిండదన్నాడు. పందిళ్ళు రెండూ గొల్లుమన్నాయి. నా వీపంతా చెమట కారుతోంది. ఆ నవ్వుల మధ్య అంత ఒంటరితనం నేను ఎప్పుడూ ఎరగను.

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్లాడి ఇంట్లో ఆవులు కూడా వచ్చేలా ఉన్నాయి. అతని తల్లి ముఖం అప్పటికే చిన్నబోయింది, వాళ్ళు ఉన్నవాళ్ళు కాదు. సెముజ్జు మోకాలు గట్టిగా పట్టుకున్నాను.

"నాయనా, నేను బేరమాడటంలేదు," అన్నాను మెల్లిగా. "నా తుంటి పాడైపోయింది. లేవలేకపోతున్నాను."

అతను నా ముఖంలోకి చూశాడు. ఇది కూడా ఆటే అనుకుంటాడేమోనని భయపడ్డాను. అతను కుర్చీలోంచి దిగి, తెల్లటి కాన్జుతో నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నా చెయ్యి తన మెడ చుట్టూ వేసుకున్నాడు. పెళ్ళికొడుకు ఆడవాళ్ళ చాప మీద మోకరిల్లడం ఎవరూ చూసి ఉండరు. పందిట్లో నవ్వు ఆగిపోయింది. నన్ను లేపి, తన కుర్చీలో కూర్చోబెట్టి, వెనకాల నిలబడ్డాడు. పువ్వు నలిగిపోయింది గానీ ఊడిపోలేదు.

మా మాటకారి తెలివైనవాడు. అత్తవారి ముందు ఇంతగా వంగిన అల్లుడికి పిల్లనివ్వకపోతే పాపం తగులుతుందని గట్టిగా అరిచాడు. చప్పట్లు మోగాయి. గుడ్డ, మేక, పైన తెచ్చిన మూట వెనక్కి పంపమన్నాను. అన్నయ్య గొణిగాడు. నేనూ గొణిగాను, ఆయనకంటే పెద్దగా. అవి వెనక్కి వెళ్ళాయి.

ఆ తరవాత నెలలు గడవడం ఎంత కష్టమైందో చెప్పను, చెప్పినా మీ కాలు కాదు కాబట్టి తెలియదు. ఊరందరికీ తెలిసిపోయింది కాబట్టి దాచుకునే శ్రమ మాత్రం తప్పింది. కాఫీ గింజలు అమ్మి, దానికి అన్నయ్య కొంత కలిపి, ఆపరేషన్‌కి అంతా సిద్ధం చేశారు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. ప్రయాణం రేపనగా కూడా డాక్టరమ్మకి రానని కబురు పెడదామా అనే ఉంది. చాప మాట గుర్తొచ్చినప్పుడల్లా గుండె బరువెక్కేది.

ఆ సాయంత్రం నకియెంబ భర్తతో వచ్చింది. వదిన అరటాకులో అరటికాయల ముద్ద మటోకె, వేరుశనగ పులుసు వడ్డించి, ఆడవాళ్ళకి చాప పరిచింది. ఈ ఒక్కపూట నేనూ చాప మీదే తింటాను, మళ్ళీ జన్మలో కుదరదు అన్నాను. నకియెంబ, సెముజ్జు చెరో రెక్కా పట్టుకున్నారు. సగం దాకా దిగాను. అక్కడ కాలు మొండికేసింది. మడవబోతే మడవలేదు, తిప్పబోతే తిరగలేదు. కిందికీ వెళ్ళలేక, పైకీ రాలేక వాళ్ళ చేతుల్లో వేలాడాను.

"అత్తా, చివరిసారి ఎప్పుడు కూర్చున్నావు చాప మీద?" అంది నకియెంబ.

జవాబు చెప్పడానికి ఆలోచించాను. మొన్న చావింట్లో వంట దగ్గర అజమాయిషీ చేస్తున్నట్టు నిలబడ్డాను. అంతకుముందు క్రిస్మస్‌కి కట్టెల మోపు మీద కూర్చున్నాను. ఈస్టర్‌కి అరుగు అంచున. అంతకుముందు కూడా అంతే. పువ్వు గుచ్చినప్పుడు మోకరిల్లానే గానీ కూర్చోలేదు, ముందే వెళ్ళి చాప మీద కూర్చునే ఎత్తు ఎప్పుడు మానేశానో గుర్తు రాలేదు. వెతికి వెతికి చూశాను, ఒక్క చాప కూడా దొరకలేదు.

"మరైతే ఆ డాక్టరమ్మ నీ దగ్గర తీసుకునేదేముంది?" అంది అది.

ఇన్నాళ్ళూ నేను ఆవిడకి ఇవ్వనని దాచుకున్న వస్తువు ఎప్పుడో పోయింది. పోయిందని నాకొక్కదానికే తెలియలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. తుంటి కోసం కాదు, చాప కోసం. వదిన నా వీపు రాసింది. అన్నయ్య లోపలికి వెళ్ళి తన కుర్చీ మోసుకొచ్చి చాప పక్కన వేశాడు. వాళ్ళు కింద, నేను పైన కూర్చుని మటోకె తిన్నాం. రేపు పొద్దున్న కారు ఎన్నింటికి వస్తుందని అన్నయ్యని అడిగాను.