మనీష పేరు మీద కొబ్బరికాయ

…గీ కొబ్బరికాయొకటి, బస్సు బ్రేకు కొట్టినప్పుడల్ల సంచిలకెల్లి దొర్లొచ్చి కాలికి తగులుతాంది, ఉండవే తల్లీ, మునుగోడు దాటినం, ఇంకెంత దూరమని, దీన్ని పొద్దుగాల పక్కింటి గుర్వమ్మక్క ఇచ్చింది, అండాలూ, యాదగిరిగుట్టకు పోతున్నవు గద, మా మనీష పేరు మీద కాయ కొట్టవే, నీకు నయం చేసిన స్వామి నా బిడ్డకు చెయ్యడా అని, కండ్లకద్దుకొని మరీ ఇచ్చింది, నేనేమో గుట్ట మొఖమే చూడలే, నల్లగొండ దవాఖానల మనసు డాక్టరమ్మ ముంగట కూసోని వస్తున్న, ఒళ్లె కాయ చూసి, నాకా అమ్మా అని ఆమె నవ్వింది, నాకూ నవ్వొచ్చింది, పోయిన దసరాకు గీ మొఖం మీద నవ్వేడిది.

అప్పుడు ఆసు చట్రం ముంగట కూసుంటే చెయ్యే లేవకపోయేది, చీరకు సరిపోను నూలు పొయ్యాలంటే వేలసార్లు చెయ్యి అటిటు తిరగాలె, నాకేమో ఒక్క పోగుకే ఏడుపు, ఎందుకో తెల్వదు, తిండి సయించదు, నిద్ర రాదు, మగ్గం మీద మా ఆయన మారయ్య నేసే నాడె ఆపి నా దిక్కే చూసేటోడు, ఆఖరికి ఆయననే దవాఖానకు తోల్కపోయిండు, ఎవలన్న అడిగితే మాత్రం గుట్టకని చెప్పు, పిచ్చి దవాఖానంటే వాడకట్టంత నవ్వుతరు అన్నడు, నా మంచికే అన్నడు పాపం, గోలీలతోని మెల్లగ నిద్రొచ్చింది, నిద్రొచ్చినంక ఆకలైంది, మొన్న ఆయన చేసిన పచ్చిపులుసుల ఉప్పు తక్కువైందని లొల్లి పెడితే, నోరొచ్చింది నా అండాలుకు అని మురిసిపోయిండు, నేనేమో నెలనెలా నల్లగొండ మిఠాయి దుకాణంల లడ్డూలు కొని గుట్ట ప్రసాదమని పంచుడు, అందరు కండ్లకద్దుకొని తినుడు, నరసింహస్వామీ, తప్పయితే చెంపలు వాయించు, గని ఆ డాక్టరమ్మ కాడికి నన్ను తోలింది నువ్వే అనుకుంటున్న.

గని మనీష. మొదటి కాన్పుకు తల్లిగారింటికొచ్చిన పిల్ల, చంటిది పుట్టి మూడు నెల్లాయె, ఎత్తుకోదు, నిద్రపోదు, పిల్లను నాకియ్యకుండ్రి, ఏం చేస్తనో నాకే భయమైతాంది అంటదట, పొద్దుగాల గడపల కూసోని నా దిక్కు చూసింది, ఆ చూపు నేనెరుగనా, అది నా చూపే, గుర్వమ్మక్కేమో వచ్చే వారం గుట్ట మీద నిద్ర చేపిస్త, అండాలుకు గట్లనే తగ్గింది అని అందరికి చెప్తాంది, నా పేరు చెప్పి, డాక్టరమ్మనడిగితే, కాన్పైనంక కొందరికి గిట్లయితదమ్మా, తగ్గేదే, ఆలస్యం చెయ్యొద్దు, రేపే తీసుకరా అన్నది, అత్తగారింటోళ్లు పిచ్చిదంటరని గుర్వమ్మక్క భయం, వాడకట్టు నవ్వుతదని మారయ్య భయం, నవ్వనీ, నాకు నవ్వు పోయిననాడు వీళ్లెవలన్న తెచ్చిచ్చిండ్రా.

మా స్టేజీ వచ్చింది, గుర్వమ్మక్క చంటిదాన్నెత్తుకొని నిలబడ్డది, ప్రసాదమేదే అని చెయ్యి చాపింది, ఆ చేతిల కాయ పెట్టిన, కొట్టలేదా అని మొఖం తెల్లబోయింది, అక్కా, నేను గుట్టకు పోలే, ఎన్నడు పోలే, మనసు దవాఖానకు పోతున్న, గోలీలు గీ సంచిల ఉన్నయి చూడు, గుట్టకు తర్వాత పోదాం, మనీష చేతులతోనే కాయ కొట్టిద్దాం, రేపు మాత్రం మనీషను తీసుకొని నా ఎంబడి రా అన్న, అక్క చుట్టూ చూసింది, మరి నీకు తగ్గింది గోలీలకేనా అని మెల్లగ అడిగింది, ఆఁ, అక్కా, డాక్టరమ్మతోని మాట్లాడినందుకు, గోలీలకు, అన్న, మొదటి బస్సెన్నింటికే అన్నది, చంటిది నా వేలు పట్టుకొని ఇడుస్తలేదు, గిన్ని నెలల సంది నయమైందనుకుంటున్న గని, నాకు నిజంగ నయమైంది గిప్పుడే, గీ బస్సు స్టేజీ కాడ.