బాగా కుదిరిన ముఖం

రాజ్యం మారింది గానీ టీవీ స్టూడియోలో అద్దం మారలేదు, అద్దం ముందు కుర్చీ మారలేదు, కుర్చీ వెనక నిలబడి ముఖాలకు రంగు వేసే రంగులక్కా మారలేదు. నిన్నటిదాకా మంత్రుల చెమట తుడిచిన చేతులే, ఇప్పుడు పాత పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లకు పౌడరు అద్దుతున్నాయి. పాత ఏలుబడి దౌర్జన్యాల మీద వేసిన విచారణ సంఘం ముందు వాళ్ల సాక్ష్యాలు స్టూడియో పెద్ద హాల్లోనే, దేశమంతా చూసేలా జరుగుతున్నాయి మరి. ఏలేవాళ్లెవరైనా లైట్ల కింద ముక్కు మెరవకూడదు కదా!

ఆ ఉదయం కుర్చీలో కూర్చున్న బడిపంతులిని చూడగానే రంగులక్క గుర్తుపట్టింది. ఏళ్ల కిందట ఇదే కుర్చీలో ఇద్దరు పోలీసులు అతన్ని కుదేశారు. కరపత్రాలు పంచడం తప్పేనని అతను టీవీలో ఒప్పుకోవాలి. ఎడమ కన్ను చుట్టూ కమిలిపోయి ఉంది. కమిలిన నీలాన్ని ఒంటిరంగు ఒక్కటే కప్పదు. ముందు ఎర్రరంగు పలచగా వేసి, దాని మీద ఒంటిరంగు వేయాలి. వేసింది. మసిపూసి మారేడుకాయ చేసింది.

"బాగున్నావా అమ్మా?" అన్నాడు పంతులు ఇప్పుడు, అద్దంలోంచి చూస్తూ. ఆమె తల ఊపి పౌడరు అందుకుంది.

హాల్లో, పంతులిని కొట్టించాడన్న పాత పోలీసు అధికారి తరఫు వకీలు ఆనాటి ఒప్పుకోలు టేపు వేయించాడు. తెర మీద పంతులు ముఖం పెళ్లికొడుకు ముఖంలా నున్నగా ఉంది.

"గీటైనా ఉందా? కొట్టారంటే ఎలా నమ్మాలి?"

"రంగు వేశారండీ," అన్నాడు పంతులు.

"ఎవరు వేశారు?"

పంతులు చూపు తెర పక్కన నిలబడ్డ రంగులక్క దాకా వచ్చి, తప్పుకుంది.

"గుర్తులేదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. అంతకన్నా, ఆ రోజుల్లో రోడ్డెక్కి లాఠీ దెబ్బలు తిన్న కూతురు ఇప్పుడు ఇంట్లో టీవీ ముందే ఉంటుంది. విప్పకపోతే పంతులు అబద్ధాలకోరై ఇంటికి పోతాడు. అదీ ఆమెను కాపాడబోయి.

"ఆ ముఖానికి రంగు వేసింది నేనండీ," అంది ముందుకొచ్చి.

కెమెరాలు ఆమె వైపు తిరిగాయి. సంఘం అధ్యక్షురాలు మెత్తగా అడిగింది. "భయపడకమ్మా. నిన్ను బెదిరించి చేయించారు కదూ?"

హాలంతా జాలిగా చూసింది. అవునంటే చాలు, ఉద్యోగం నిలుస్తుంది, కూతురు అక్కున చేర్చుకుంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పంతులు ఆమెనే చూస్తున్నాడు.

"లేదండీ, నన్నెవరూ బెదిరించలేదు. దెబ్బ ఎక్కడుందో పట్టుకోలేకపోయామని మా డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. పొంగిపోయానండీ. ఇంటికెళ్లి మా అమ్మాయితో కూడా చెప్పుకున్నాను, ఇవాళ పని బాగా కుదిరిందని."

ఆమె కెమెరా వైపు చూడలేక తల దించుకుంది.

"ఎవరి ముఖమో మాత్రం చెప్పలేదు."